ఐసు పెట్టకూడని పెట్టె

మా అత్తవారింట్లో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడదు. తగువులుండి కాదు, మర్యాద. ఆయన వీధి అరుగు మీద కూర్చుంటే నేను తలుపు వెనక నిలబడాలి. ఆయన మంచినీళ్ళడిగితే చెంబు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి వచ్చేయాలి. నాతో ఆయనకేదైనా పని పడితే ఆ మాట ఎవరి చేతో లోపలికి పంపేవారు. నా జవాబు మళ్ళీ వాళ్ళ చేతే బయటికి వెళ్ళేది. పోస్టాఫీసు కంటే కాస్త వేగంగా నడిచేది ఈ ఏర్పాటు. పెళ్ళయి నాలుగేళ్ళు దాటాక కూడా ఆయన గొంతు తెలుసు, ఆయన చెప్పుల చప్పుడు తెలుసు, ఆయనకి వంకాయ పడదని తెలుసు. మొహం మాత్రం పెళ్ళి ఫోటోల్లో చూసిందే.

అదే నేను పొద్దున్న తొమ్మిదింటికి రాజమండ్రిలో మా ల్యాబు మెట్లెక్కానంటే వేరే మనిషిని. ఎన్ని ఎకరాల ఆసామీ అయినా నా ముందు చొక్కా చెయ్యి మడవాల్సిందే. "పిడికిలి బిగించండి. ఇటు చూడకండి. కళ్ళు తిరిగి పడితే లేపే ఓపిక నాకు లేదు" అని కసిరేదాన్ని. ఊళ్ళో సగం మంది నెత్తురు తీసిన చెయ్యి నాది. అలాంటిదాన్ని ఇంటికొచ్చి "కాఫీ చల్లారిపోతోందండి" అని బావగారితో అనలేకపోయేదాన్ని. అందులో వింతేముందో అప్పట్లో నాకు తోచలేదు. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది, నా మీద నాకే ఒళ్ళు మండుతుంది కూడా.

మా ఇద్దరి మధ్య రాయబారి మా ఆడపడుచు. అప్పటికి ఇరవై మూడేళ్ళ పిల్ల, ఓ కాన్వెంటులో యూకేజీ పిల్లలకి చదువు చెప్పేది. మాట మోయడంలో ఆ పిల్లకి సాటి లేదు. మాట దారిలో ఒలికిపోయేది కాదు, పైగా కాస్త కారం కూడా తగిలేది. బావగారు "కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది" అంటే, లోపలికొచ్చి "వదినా, సముద్రం నీళ్ళతో వండావా అని అడుగుతున్నాడు అన్నయ్య" అనేది. "పొద్దస్తమానం ఉప్పునీటి చెరువుల్లో ఉండేవారికి నా కూరలో ఉప్పు ఎలా తెలిసిందో" అని నేనంటే, అది బయటికి "రేపట్నుంచి తగ్గిస్తానంది అన్నయ్యా" అని వెళ్ళేది. కారం ఎటు వెయ్యాలో, ఎటు తీసెయ్యాలో తనకి బాగా తెలుసు.

బావగారిది రొయ్యల వ్యాపారం. అవి వరిచేలు తవ్వి చెరువులు చేస్తున్న రోజులు. నిన్నటిదాకా ఊడ్పుల గురించి మాట్లాడిన వాళ్ళందరూ రొయ్య మేత గురించి మాట్లాడేవారు. భీమవరం పక్క నుంచి, కాకినాడ పక్క నుంచి సరుకు కొని, థర్మోకోలు పెట్టెల్లో ఐసు దట్టించి మద్రాసు పంపేవారాయన. ఆయన పెట్టె కడితే మద్రాసులో మూత తీసేసరికి రొయ్య మీసం కూడా వంగి ఉండదని చెప్పుకునేవారు. ఎక్కువగా ఆయనే చెప్పుకునేవారు, కానీ అబద్ధం కాదు.

ఆ ఎండాకాలంలో మా ఆడపడుచుని వీధికుక్క కరిచింది. కుక్క ఒక్కసారి కరిచింది, ఈ పిల్ల దాన్ని నాలుగు రోజులు తిట్టింది. ఐదో రోజు నుంచి కుక్క కనబడలేదు. తిట్లు భరించలేక ఊరొదిలిపోయిందని మేమందరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే అది నవ్వాల్సిన విషయం కాదు. కరిచిన కుక్క పది రోజులు కళ్ళముందు తిరుగుతూ ఉంటే అది పిచ్చిది కాదని ధైర్యం. ఇది మాయమైపోవడంతో ఆ ధైర్యం చిక్కకుండా పోయింది.

అప్పట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిచేవారు, రోజుకొకటి చొప్పున. "వదినా, నా పొట్ట మీద చుక్కల ముగ్గు పెడుతున్నారు, చూస్తావా?" అని రోజూ వచ్చి చూపించేది. ఆ టీకా గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. చాలామందికి ఏమీ అయ్యేది కాదు. ఎప్పుడో, ఎవరికో మాత్రం ఆ టీకా తిరగబడేదని నేను ల్యాబు చదువులో చదువుకున్నాను. పరీక్షకి చదివి, రాసి, మర్చిపోయిన సంగతి అది.

పదో ఇంజెక్షన్ అయ్యాక జ్వరం వచ్చింది, తలనొప్పి అంది. అరికాళ్ళలో చీమలు పాకుతున్నాయంది. మర్నాడు మంచం మీంచి లేవబోయి, లేవలేక, "కాళ్ళు ఎవరో ఎత్తుకెళ్ళారు వదినా" అంది. హాస్యానికే అంది. కానీ మాట ముద్దగా వచ్చింది. అంత స్పష్టంగా మాట్లాడే పిల్ల నోట మాట అలా రావడంతో నాకు భయం పట్టుకుంది.

నర్సింగ్ హోములో చేర్చాం. నరాల డాక్టరు గారు వెన్నులోంచి నీరు తీయించి మా ల్యాబుకే పంపారు. ఆ నీటిని గళ్ళు గీసిన గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టడం నా పని. ఆరోగ్యంగా ఉన్న మనిషి నీటిలో గళ్ళన్నీ గాలించినా ఒకటో రెండో తెల్లకణాలు దొరుకుతాయి. ఆ రోజు ఆ గళ్ళు పుష్కరాల రేవులా ఉన్నాయి. ఎక్కడ చూసినా గుండ్రంగా, నిండుగా లింఫోసైట్లనే తెల్లకణాలు. రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ మధ్యలో లెక్క తప్పాను. మా ల్యాబు డాక్టరు గారు పక్కనుంచి చూసి, "ఎవరిదమ్మా ఇది?" అన్నారు.

"మా ఆడపడుచుదండి."

"లే. లేచి అటు కూర్చో" అని ఆయనే లెక్కపెట్టారు.

ఆయన ఏ విషయాన్నైనా నెమ్మదిగా, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పేవారు. మిగతా రోజుల్లో నాకు అది విసుగు, ఆ రోజు మాత్రం అది కావలసి వచ్చింది. "ఇవన్నీ మన సిపాయిలమ్మా. పోగయ్యారని తెలుస్తోంది. బయటి శత్రువు మీదకి పోగయ్యారా, ఇంటి మీదే పడ్డారా అన్నది చూస్తే తెలీదు. అందరిదీ ఒకటే యూనిఫారం" అన్నారు. అది పిచ్చికుక్క జబ్బే కావచ్చు, టీబీ కావచ్చు. లేదా గొర్రె మెదడుతో చేసిన టీకాని శత్రువని గుర్తుపెట్టుకున్న కణాలు, దాన్ని పోలి ఉందని సొంత మెదడు మీదే పడుతూ ఉండొచ్చు. మొదటి రెండింట్లో ఏదైనా అయితే స్టెరాయిడ్ ముప్పు తెస్తుంది. మూడోది అయితే స్టెరాయిడే దారి, అది కూడా ఎంత తొందరగా పడితే అంత మంచిది. "కంచే చేను మేస్తోందని నా అనుమానం" అన్నారు డాక్టరు గారు.

అనుమానం తీరే దారి మద్రాసులో ఉంది. ఆయనతో కలిసి చదువుకున్న ఒకాయన అక్కడ ఇలాంటి కణాల మీదే పరిశోధన చేస్తున్నారు. రోగి నెత్తురులోంచి తెల్లకణాల్ని బతికుండగా విడదీసి, వాటికి మెదడులో ఉండే ఒక ప్రోటీన్ చూపిస్తారు. మామూలు కణాలైతే దాన్ని పట్టించుకోవు. మెదడు మీద పగబట్టినవైతే రెచ్చిపోయి ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. ఎంత పెరిగాయో కొలిచి చెబుతారు. అందుకు వారం పడుతుంది. "అంతదాకా ఆగలేం గనక, నెత్తురు బాగా చేరిందని ఫోను రాగానే మందు మొదలుపెడతాం. ఫలితం వచ్చాక కొనసాగించడమో, ఆపడమో చూద్దాం" అన్నారు నరాల డాక్టరు గారు. చేరిందని తెలిసేదాకా మందు ఎందుకు ఆపాలంటే, మందు ఒకసారి పడిందంటే ఆ కణాలు నోరు మూసుకుంటాయి. అప్పుడు మళ్ళీ నెత్తురు తీసినా లాభం లేదు.

ఇక నాకు చెప్పిన జాగ్రత్తలు రెండు. ఎండ తగలకూడదు. ఐసు అసలే తగలకూడదు. చలికి ఆ కణాలు కొయ్యబారి చచ్చిపోతాయి, మెదడు చూపించినా, మరేం చూపించినా పలకవు.

ఆ మధ్యాహ్నం నర్సింగ్ హోముకి వెళ్ళి నేనే నెత్తురు తీశాను. ఎందుకో చెప్పాను కూడా. మా ఆడపడుచు అంతా విని, "అంటే నా కణాలకి గొర్రె మెదడుకీ నా మెదడుకీ తేడా తెలియడం లేదా వదినా?" అంది.

"తేడా ఉంటే కదా తెలియడానికి" అన్నాను.

నవ్వింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది. నేను గొట్టం సర్దుకునే నెపంతో అటు తిరిగిపోయాను. మా ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెల్లెలి అరికాళ్ళు రాస్తున్నారు. ఆయన్ని అక్కడే ఉంచి నేను ఇంటికొచ్చాను. బావగారి లారీ ఒకటి ఆ సాయంత్రం మద్రాసు బయలుదేరుతోంది. పెట్టె ఇంటి దగ్గరే కట్టి అందులో ఎక్కిస్తామన్నారు. తెల్లవారాక డ్రైవరు నేరుగా ఆ పరిశోధన చేసే చోట అందిస్తాడు. అంతకంటే నమ్మకమైన మార్గం మాకెవరికీ తోచలేదు.

నేను దొడ్డిదారిన వంటింట్లోకి వెళ్ళాను. బావగారు వీధి అరుగు మీద ఉన్నారు. రాయబారి మంచం మీద ఉంది. మిగిలింది మా అత్తగారు. "అత్తయ్యా, బావగారికి చెప్పండి. దీనికి ఐసు పెట్టకూడదు, ఒక్క ముక్క కూడా. ఎండ తగలకుండా ఉంటే చాలు" అన్నాను.

"చెబుతాలే" అని ఆవిడ గొట్టం ఉన్న డబ్బాని పైటచెంగులో పెట్టుకుని వెళ్ళారు.

ఓ చీటీ రాసి పెట్టెకి అంటించొచ్చు కదా అని మీరనొచ్చు. నాకూ తోచింది. కానీ బావగారికి మరదలు చీటీ రాయడమంటే మాట్లాడటం కంటే పెద్ద తప్పు. మాట గాలిలో పోతుంది, చీటీ చేతిలో ఉంటుంది. మా అత్తవారి చుట్టాల్లో దాన్ని మూడు తరాలు చెప్పుకుంటారు.

కాసేపటికి నేను మధ్య గదిలోకి వచ్చి వీధి తలుపు వెనక నిలబడితే, బయట సుత్తి చప్పుడు వినబడింది. ఐసు దిమ్మ పగలగొడుతున్న చప్పుడది. లారీలో రొయ్యల పెట్టెలు కూడా వెళుతున్నాయి కదా, వాటికోసమేలే అనుకున్నాను. అత్తగారు తిరిగొచ్చారు. "చెప్పారా అత్తయ్యా?" అన్నాను.

"వాడికి తెలీదేంటమ్మా" అన్నారావిడ.

నేను దాన్ని అవునుగా లెక్క వేసుకున్నాను. గళ్ళపలక మీద ఒక్క కణం తేడా వస్తే మళ్ళీ లెక్కపెట్టే మనిషిని, ఆ జవాబుని రెండోసారి లెక్కపెట్టలేదు.

మర్నాడు పదకొండింటికి ల్యాబులో ఫోను మోగింది. డాక్టరు గారు చాలాసేపు విన్నారు, రెండు మాటలు ఇంగ్లీషులో అన్నారు, పెట్టేశారు. "ఐసులో కూరి వచ్చిందిటమ్మా. గొట్టం పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయాయిట" అన్నారు. వాళ్ళు కణాలకి నీలం రంగు వేసి చూశారట. చచ్చిన కణం ఆ నీలం తాగేస్తుంది, బతికున్నది తాగదు. ఎక్కడ చూసినా నీలమేనట.

"ఐసు వద్దని చెప్పలేదా?" అని అడిగారు.

"చెప్పానండి."

"ఎవరికి?"

నేను మళ్ళీ నెత్తురు తియ్యడానికి గొట్టం, సూది సర్దుకున్నాను.

ఆ పొద్దుటికి మా ఆడపడుచు గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. మందు సీసాలు కొని బల్ల మీద పెట్టి ఉన్నాయి. వెయ్యడానికి లేదు. నేను రెండోసారి సూది పట్టుకుని వెళితే, "నిన్నటిది రుచి చాల్లేదా వదినా?" అంది. మాట మరింత ముద్దగా ఉంది. ఆ ప్రశ్న మాత్రం నాకు స్పష్టంగానే అందింది.

ఇంటికొచ్చి అత్తగారిని నిలదీశాను. ఆవిడ చేటలో పప్పు చెరుగుతున్నారు. "పదేళ్ళ నుంచి పెట్టెలు కట్టేవాడు. వాడి పెట్టె వాడు ఎలా కట్టాలో చిన్నకోడలు చెప్పిందని నేనెలా అననమ్మా? చిన్నబుచ్చుకోడూ? 'చెడిపోకుండా చూడు నాయనా, నీకు తెలియనిదేముంది' అన్నాను" అన్నారు. ఆవిడ దృష్టిలో ఆవిడ రెండు వైపులా మర్యాద కాపాడారు. నాకు కోపం నషాళానికంటింది. ఆవిణ్ణి అనడానికి నోటిదాకా ఒక మాట వచ్చింది, పెద్దావిడ కదా అని మింగేశాను. ఎవరిమీదా పడలేని ఆ కోపం నన్ను తోసుకుంటూ వీధిలోకి తీసుకెళ్ళింది.

బావగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి కంగారుగా లేచి నిలబడ్డారు. ఎటు చూడాలో తెలియక ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం వైపు చూశారు. నా నోట్లోంచి ఇంటి గొంతు రాలేదు, ల్యాబు గొంతే వచ్చింది. "బావగారూ, ఐసు పెట్టకండి. నిన్నటి నెత్తురు ఐసు వల్ల పాడైపోయింది."

ఆయన స్తంభంతోనే అన్నారు. "ఐసు వల్ల పాడవడమేంటమ్మా? ఐసు లేకపోతే కదండీ ఏదైనా పాడయ్యేది." మరదల్ని అండీ అన్నారు పాపం, అంత తికమకలో ఉన్నారు.

డాక్టరు గారు చెప్పిన పాఠం అంతా నా బుర్రలో ఉంది. సిపాయిలు, యూనిఫారం, ప్రోటీన్. అందులో ఒక్కటీ ఆ అరుగు మీద పనికిరాదని తెలుస్తూనే ఉంది. అప్పుడు తట్టింది. "ఇది మద్రాసు పంపే రొయ్య కాదండి. బతికున్న కణాలు, బతికుండగానే చేరాలి. సీడు అనుకోండి" అన్నాను.

సీడు అంటే చెరువుల్లో వదిలే రొయ్యపిల్లలు. కంటికి ఆనీ ఆనని ప్రాణాలు. కాకినాడ హేచరీ నుంచి వాటిని తెచ్చేటప్పుడు ఐసులో కూరిన వాడెవడూ ఉండడు. బావగారు స్తంభం మీంచి చూపు తిప్పి నా మొహంలోకి చూశారు. మళ్ళీ కుర్చీలో కూలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "సీడా? సీడుని తీసుకెళ్ళి ఐసులో పెట్టానా నేను? ఆ ముక్క నిన్ననే చెప్పకపోయావా తల్లీ" అన్నారు.

నేను తల దించుకున్నాను.

తర్వాత ఆయన నన్నడిగిన ప్రశ్నలు ఏ డాక్టరూ అడగలేదు. గాలి కావాలా వీటికి? గొట్టం నిండుగా ఉండాలా, పైన ఖాళీ ఉండాలా? కుదుపు ఓర్చుకుంటాయా? ఎంత వేడి దాకా ఆగుతాయి? నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి ల్యాబుకి ఫోను చేసి కనుక్కొచ్చాను. మా అత్తగారు చేటతో మా ఇద్దరి మధ్యా నిలబడి, మోయడానికి ఒక్క మాటా దొరక్క, అటూ ఇటూ చూస్తున్నారు. బావగారు గొట్టాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, ఆపైన పేపర్లు చుట్టి, పెట్టెలో ఓ పక్కగా చల్లటి నీళ్ళ సీసా ఒకటి పెట్టి, రెండింటికీ మధ్య ఊక పోశారు. "చల్లదనం తగలాలి, చలి తగలకూడదు. సీడుకైనా ఇంతే" అని ఎవరికి చెబుతున్నారో తెలియకుండా చెప్పారు. చెయ్యి లోపల పెట్టి చూశారు, సీసా రెండంగుళాలు దూరం జరిపారు, మళ్ళీ చూశారు.

ఈసారి లారీని నమ్మలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆయనే మద్రాసు రైలెక్కారు. మర్నాడు ల్యాబులో ఫోను మోగితే డాక్టరు గారు తీసి, వింతగా మొహం పెట్టి, నా చేతికిచ్చారు. "అమ్మా, నేను. నీలం తాగలేదుట. నాకూ చూపించారు. తెల్లగా, మన సీడులాగే ఉన్నాయి" అని అటునుంచి బావగారు. ఆ ఫోను పెట్టిన పావుగంటలో నర్సింగ్ హోములో మా ఆడపడుచుకి మొదటి స్టెరాయిడ్ ఎక్కడం మొదలైంది.

ఆయన తిరిగొచ్చాక మా వీధికి లింఫోసైట్ల గురించి తెలియనిది లేకపోయింది. కాఫీ తాగడానికొచ్చిన వాళ్ళందరికీ అరుగు మీద పాఠం చెప్పేవారు. మంచి కణానికీ చెడ్డ కణానికీ తేడా చెప్పమంటే, మెదడుని మేతలా చూపిస్తే ఎగబడే సీడు చెడ్డది, పట్టించుకోని సీడు మంచిది అని చెప్పేవారు. మా ల్యాబు డాక్టరు గారు అది విని, తాను ఇన్నాళ్ళూ చెప్పిన సిపాయిల పాఠం కంటే ఇదే నయమని ఒప్పుకున్నారు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. మెదడు ప్రోటీన్ చూపించిన గిన్నెల్లో కణాలు, ఏమీ చూపించని గిన్నెల్లో కంటే ఎన్నో రెట్లు పెరిగాయి. "ఇంటి దొంగలేనమ్మా" అన్నారు డాక్టరు గారు. పిచ్చికుక్క జబ్బు కాదు, టీబీ కాదు. స్టెరాయిడ్ కొనసాగించారు. ఆ టీకా మాన్పించి, వేరే రకం తెప్పించి పూర్తి చేశారు. ఆ రోజు నేను ల్యాబు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలేసి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చాను.

మా ఆడపడుచుకి అన్నిటికంటే ముందు మాట తిరిగొచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. తర్వాత చేతులు, ఆ తర్వాత కుడికాలు వచ్చాయి. ఎడమ పాదం మాత్రం పూర్తిగా రాలేదు. గోడ పట్టుకుని నడిచేటప్పుడు అది వెనకబడి, నేలని రాసుకుంటూ వచ్చేది. వానాకాలం వెళ్ళిపోయినా అది అలాగే ఉంది.

నేను డాక్టరు గారిని ఒకరోజు అడిగాను, ఆ ఒక్క రోజు ఆలస్యం కాకపోయి ఉంటే ఆ పాదం వచ్చేదా అని. ఆయన లెన్సు తుడుస్తూ, "తెలీదమ్మా. వచ్చేదని చెప్పలేను, రాదనీ చెప్పలేను. దానికి పరీక్ష లేదు" అన్నారు. ఆయన నన్ను ఓదార్చడానికి అబద్ధం చెబితే బాగుండునని అనిపించింది. ఆయన అలాంటివారు కాదు.

ఇంట్లో ఎవరూ ఆ ఐసు సంగతి ఎత్తేవారు కాదు. బావగారు తనదే తప్పనుకునేవారు, చెల్లెల్ని చూసినప్పుడల్లా ఏదో ఒకటి కొనుక్కొచ్చేవారు. అత్తగారు ఏమనుకునేవారో నాకు చెప్పలేదు. నా సంగతి మాత్రం ఎవరికీ తెలియదు, సుత్తి చప్పుడు నేను విన్నానని. అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. అన్నం తింటున్నా తెలిసేది, నిద్రలోనూ తెలిసేది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. తను మధ్య గదిలో గుమ్మానికి ఆనుకుని కూర్చుని యూకేజీ పిల్లల కాపీలు దిద్దుతోంది. మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టి నెల కాలేదు. "నువ్వూ అన్నయ్యా నన్నడక్కుండానే మాట్లాడేసుకుంటున్నారు. నా ఉద్యోగం ఊడగొట్టావు వదినా" అంది. ఆ మాటకి నవ్వబోయి, నవ్వలేక, చెప్పేశాను. ఐసు వద్దని నాకు ముందే తెలుసని, అత్తయ్య చేత చెప్పించి తలుపు వెనక నిలబడ్డానని, ఐసు కొడుతున్న చప్పుడు విన్నానని, రొయ్యలకేలే అనుకున్నానని. అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నానని.

తను కలం మూత పెట్టింది. "బయటికొచ్చి ఒక్క మాట అడక్కపోయావా?" అంది.

"అడగలేదు."

"నువ్వు నిలబడ్డ చోట నుంచి అరుగు మీదకి ఎన్నడుగులు వదినా?"

నేను ఆ చోటు చూసి లెక్కపెట్టాను. "మూడు."

తను కాపీలు పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించబోతే వద్దంది. ఆ తలుపు వెనక నుంచి, సరిగ్గా నేను నిలబడ్డ చోటు నుంచి బయలుదేరి, పైకే లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఎడమ పాదం గడప దగ్గర ఆగిపోతే చేత్తో ఎత్తి అవతల పెట్టుకుంది. అరుగు స్తంభం దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని, రొప్పుతూ నా వైపు తిరిగింది.

"ఏడు" అంది, నవ్వుతూనే. "నీకు మూడే కదా వదినా."